రైలుదారికి విరామమేది?

మన దేశమున నేడు రైళ్లను గూర్చి ప్రసంగించువా రెల్లరును వేగమును గూర్చియే ప్రసంగించుచున్నారు. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీ, వారణాసుల నడుమ మొదటి వందేభారత్ బండి బయలుదేరినది. 2023 సంక్రాంతికి సికింద్రాబాదు, విశాఖపట్టణముల నడుమ అట్టి బండి మనకును లభించినది. అంతకు ముందే, 2022లో, దక్షిణ మధ్య రైల్వేవారు బల్లార్షా మొదలుకొని కాజీపేట, విజయవాడల మీదుగా గూడూరు వరకు గల ప్రధానమార్గమున గంటకు 130 కిలోమీటర్ల వేగమునకు అనుమతి నొసగిరి. వేగముతోపాటు బరువును పెరుగుచున్నది. ఇరుసొక్కింటికి 20.32 టన్నులు పరిమితిగా నుండిన దారులపై 2005 మొదలు క్రమముగా 22.9 టన్నుల వరకును బరువు నెక్కించుటకు సమ్మతించుచు వచ్చిరి.

ఇవి సంతోషింపదగిన విషయములే. బండి వేగముగ పోవలెనని కోరనివా డెవడు? సింగరేణి బొగ్గును, డెల్టా ధాన్యమును, రేవులకు చేరు ఇనుపరాతిని తక్కువ బండ్లలో ఎక్కువగ మోయవలెననుటయు న్యాయమే. కాని యీ వేగమును, ఈ బరువును తుదకు మోయునది ఇంజనుగాదు, పెట్టెగాదు, పట్టాయును గాదు. పట్టాలక్రింద స్లీపర్లు, స్లీపర్లక్రింద కంకర, కంకరక్రింద మట్టికట్ట యున్నవి. బండి పెట్టెలను, అద్దములను, కొత్త స్టేషను కట్టడములను చూచి మెచ్చుకొనువారు పెక్కండ్రు కలరు. కంకరను నిత్యము చూచువాడు గ్యాంగ్‌మన్ ఒక్కడే. ఆ కంకరనుగూర్చియు, దానిని శుద్ధిచేయుటకు కావలసిన విరామమును గూర్చియు నేడు కొంత వ్రాయదలచితిమి.

కంకర చేయు పని యేమి? మొదటిది, చక్రమునుండి దిగిన భారమును విశాలముగ పంచి, క్రింది మట్టి తాళగలిగినంతగా తగ్గించుట. రెండవది, స్లీపరు ముందునకు గాని ప్రక్కకు గాని జరుగకుండ పట్టియుంచుట. మూడవది, వాననీటిని నిలువనీయక ప్రక్కలకు వదలుట. నాలుగవది, దారి యెచ్చటనైన క్రుంగినచో, మరల పైకెత్తి క్రింద రాళ్లను కూరి సరిచేయుటకు వీలొసగుట. ఈ నాలుగు పనులును రాయికిని రాయికిని నడుమనున్న సందుపైననే ఆధారపడియున్నవి. సందు పూడిపోయినచో కంకర, కంకరగా నుండదు; గట్టిపడిన మట్టిదిబ్బ యగును.

ఇందువలననే రాతి యెన్నికకు నియమము లేర్పడినవి. ఏటి గులకరాయి నునుపు. ఒకదానిపై నొకటి జారును గనుక పనికిరాదు. కొండరాతిని పగులగొట్టగా వచ్చిన కోణముల ముక్కలే ఒకదానినొకటి కరచి పట్టుకొనును. ముక్కలు ఇంచుమించుగ రేగుపండు మొదలు బత్తాయివరకు గల పరిమాణమున నుండవలెను. 65 మిల్లీమీటర్ల జల్లెడపై నూటికి 5 పాళ్లకు మించి నిలువరాదు. 40 మిల్లీమీటర్ల జల్లెడపై 40 మొదలు 60 పాళ్లవరకు నిలువవలెను. యంత్రముచే కొట్టిన కంకర యైనచో 20 మిల్లీమీటర్ల జల్లెడపై 98 పాళ్లు నిలువవలెను. గట్టితనమునకును పరీక్ష కలదు. ఇనుపగుండ్లు వేసిన పీపాలో రాతిని త్రిప్పినపుడు అరిగిపోవు పాలు నూటికి 30కి మించరాదు. బరువుతో మోదినపుడు నలిగిపోవు పాలు 20కి మించరాదు. ఇట్టి రాయి కిలోమీటరు దారికి సుమారు 2,000 ఘనమీటర్లు కావలెను. స్లీపర్లక్రింద అది 30 మొదలు 35 సెంటీమీటర్ల మందముగ నుండవలెను.

తెలుగుదేశమున గట్టిరాతికి కొదువలేదు. తెలంగాణపు నల్లసేనపురాయి, తూర్పుకనుమలయందలి చార్నొకైటు రాయి యెంత పరీక్షకైనను నిలుచును. కాని యా తూర్పుకనుమలలోనే ఖోండలైటు అను రాయి కలదు. ఎండకు వానకు త్వరలో శిథిలమై మట్టియగు స్వభావము దానిది. ఒకే కొండలో గట్టిరాయియు, క్రుళ్లినరాయియు ప్రక్కప్రక్కల నుండును. గుట్టగా పోసిన పిమ్మట, దుమ్ము కప్పిన పిదప, రెంటికిని గల భేదము సామాన్యుని కంటికి తెలియదు. కంట్రాక్టరు తక్కువ ధరకు పాట పాడి, పైపొరను కొట్టి పంపినచో, ఆ కంకర తొలియేట బాగుగనే కనబడును; కొన్ని వానకాలములు గడచినపిదప గాని దాని గుణము బయటపడదు. అప్పటికి బిల్లు చెల్లింపబడియుండును.

ఇక బరువు సంగతి చూతము. 58 పెట్టెల గూడ్సుబండి యొకటి పోవునపుడు, పెట్టెకు నాలుగేసి చొప్పున, 232 ఇరుసులు ప్రతి స్లీపరుమీదుగ దాటిపోవును. దినమునకు అట్టి బండ్లు ఇరువది నడచు దారియనుకొన్నచో, ఒక్కొక్క స్లీపరుక్రింది రాయి దినమునకు 4,640 దెబ్బలను, సంవత్సరమునకు దాదాపు 17 లక్షల దెబ్బలను తినును. ప్రతి దెబ్బకును రాతి మొనలు రవ్వంత విరుగును, అంచులు రవ్వంత అరుగును. ఆ పొడి సందులలోనికి దిగును. ఇరుసుభారము నాలుగవ వంతు పెరిగినచో నష్టమును నాలుగవ వంతే పెరుగునని తలచుట పొరపాటు. భారము పెరిగినకొలది క్రుంగుబాటు అంతకంటె వేగముగ పెరుగునని ఇంజనీర్ల యనుభవము.

వేగము మరియొక విధముగ పనిచేయును. గంటకు 130 కిలోమీటర్లతో పోవు బండి సెకనునకు 36 మీటర్లు పోవును. అనగా సెకనునకు అరువది స్లీపర్లను దాటును. మెల్లగా పోవు బండికి లెక్కలేని చిన్న పల్లము, వేగముగ పోవు బండికి దెబ్బగా పరిణమించును. ఆ దెబ్బచే పల్లము మరింత లోతగును. లోతైన పల్లము మరింత పెద్దదెబ్బకు హేతువగును. క్రుంగినచోటనే మరల క్రుంగుట దారి స్వభావము. వంతెనకు దగ్గరను, లెవెలుక్రాసింగు దగ్గరను, పట్టాల అతుకుదగ్గరను ప్రయాణికులకు తెలియవచ్చు కుదుపునకు కారణ మిదియే.

ఈ రెంటిని ఒకేదారిపై నడపుటలో నున్న చిక్కును గూడ పాఠకులు గమనింపవలెను. వంపులలో వెలుపలి పట్టాను కొంత యెత్తుగ నిలుపుదురు. వేగముగ పోవు బండి వెలుపలికి ఒరగకుండుటకై యిది యవసరము. కాని యా యెత్తు వేగపుబండికి తగినట్లుంచినచో, మెల్లగ పోవు బొగ్గుబండి బరువంతయు లోపలి పట్టాపై పడును. బొగ్గుబండికి తగినట్లుంచినచో వేగపుబండి వెలుపలి పట్టాను నెట్టును. ఉత్తర, పశ్చిమ దేశభాగములలో సరకులకై ప్రత్యేకమార్గములను 25 టన్నుల ఇరుసునకు తగినట్లు నిర్మించిరి. లూధియానా మొదలు సోన్‌నగరు వరకు 1,337 కిలోమీటర్ల తూర్పుమార్గమును, దాద్రీనుండి బొంబాయిదరి జవహర్‌లాల్ నెహ్రూ రేవువరకు 1,506 కిలోమీటర్ల పశ్చిమమార్గమును అట్టివి. మన ప్రాంతమున అట్టి ప్రత్యేకమార్గ మింకను లేదు. బొగ్గుబండియు, ధాన్యపుబండియు, వేగపుబండియు ఒక్కదారినే పంచుకొనవలసియున్నది. కావున మన కంకరకు పని రెండింతలు.

పై నుండి అరుగుట యటుండగా, కంకరను చెడగొట్టు శత్రువులు మరి మూడు కలవు. మొదటిది బొగ్గుపొడి. రామగుండము, మణుగూరు ప్రాంతములనుండి వచ్చు పెట్టెలనుండి రాలు సన్నని పొడి సందులలో దిగి, వానకు తడిసి, చమురువలె రాళ్లను జారించును. రెండవది నేల. డెల్టాలయందలి మెత్తని బంకమన్నుగాని, నల్లరేగడిగాని నీటితో నానినపుడు, స్లీపరు పైకి క్రిందికి ఆడుటచే, చేతిపంపు నీటిని తోడినట్లు బురద పైకి వచ్చును. రాళ్లనడుమ తెల్లగానో నల్లగానో ఎండిన బురద చారలు కనబడుచోట దారి జబ్బుపడినదని తెలియవలెను. మూడవది, వింతగ తోచినను, మరమ్మతే. క్రుంగిన దారిని ఎత్తి, యంత్రపు ఇనుపవ్రేళ్లతో స్లీపరుక్రింద కంకరను కూరుటను ట్యాంపింగు అందురు. అది తప్పనిసరి, కాని కూరునపుడెల్ల కొన్ని రాళ్లు నలుగును. మట్టిపడిన కంకరను మాటిమాటికి కూరుట వలన ప్రయోజన మల్పము. బండ్లు కొన్ని పోవగానే దారి మరల క్రుంగును. అట్టిచోట కంకర నంతయు త్రవ్వితీసి, జల్లెడపట్టి, పొడిని పారవైచి, కొత్తరాతిని చేర్చి మరల పోయవలెను. నియమముల ననుసరించి పదేండ్ల కొకమారైనను ఈ శుద్ధి జరుగవలెను. బరువును వేగమును పెరిగిన దారిపై పదేండ్లు నిరీక్షించుట యుక్తమా యనునది విచారణీయము.

మన యెండలను గూర్చి యొకమాట. నేడు పట్టాలను అతుకులు లేకుండ కిలోమీటర్లకొలది పొడవుగ కరిగించి కలుపుచున్నారు. ప్రయాణము సుఖము, కుదుపు తక్కువ. కాని యెండకు ఇనుము సాగగోరును. సాగుటకు చోటులేనందున లోలోపల ఒత్తిడి పెరుగును. మీటరునకు 60 కిలోలు తూగు పట్టాలో ఉష్ణము ఒక్క డిగ్రీ హెచ్చినపుడు సుమారు 1.9 టన్నుల ఒత్తిడి కలుగును. పట్టా వేసినప్పటి ఉష్ణముకంటె 30 డిగ్రీలు హెచ్చినచో పట్టాకు 57 టన్నులు, రెంటికి గలిపి 114 టన్నులు. వైశాఖ జ్యేష్ఠములలో రామగుండమున, రెంటచింతలయందు పట్టా చేయిపెట్టరానంతగ కాగునను సంగతి యెరుగనివారెవరు? ఆ ఒత్తిడికి దారి ప్రక్కకు వంగి పాము మెలికవలె కాకుండ ఆపుచున్న దేమి? స్లీపరు బరువును, దానిచుట్టును, చివరలయందును పోసిన కంకర పట్టును మాత్రమే. చివరల కంకర జారిపోయినచో, లేక మరమ్మతు పిదప అది ఇంకను కుదురుకొననిచో, నడివేసవి మధ్యాహ్నము అపాయకరమగును. కంకర కొరత యనునది కేవలము కుదుపుల విషయముగాక ప్రాణముల విషయమగుట యిందువలననే.

ఇంతవరకు చెప్పినదానిలో రైల్వే ఇంజనీర్లకు తెలియని దొక్కటియు లేదు. రాతి నియమములు వారు వ్రాసినవే. యంత్రములును వారికి కొరతలేదు: కంకరను కూరునవి, త్రవ్వి జల్లించునవి, కూరినపిదప దారిని వణికించి కుదురుపరచునవి, అన్నియు కలవు. మరి లోప మెచ్చట? కాలమునందు. యంత్రము దారిమీద నిలువవలెనన్న బండ్లు ఆగవలెను. ఈ విరామమును రైల్వేవారు బ్లాకు అందురు. విరామ మిచ్చువారు బండ్లను నడపు శాఖవారు. అడుగువారు దారిని కాచు శాఖవారు. బండి ఆలస్యమైనచో మొదటివారికి ఆనాడే జవాబుదారీ. కంకర మట్టిపడినచో రెండవవారికి జవాబుదారీ వచ్చుట ఏండ్లపిమ్మట. ఇట్టి తూకమున ఏ పళ్లెము దిగునో వేరుగ చెప్పనేల?

ఇది మా యూహగాదు. 2017–18 మొదలు 2020–21 వరకు బండ్లు పట్టాలు తప్పిన సంఘటనలను పరిశీలించి భారత కంప్ట్రోలర్, ఆడిటర్ జనరల్ వారు 2022 డిసెంబరులో పార్లమెంటు ముందుంచిన నివేదికయే సాక్ష్యము. అందు ఇంజనీరింగు శాఖకు బాధ్యత చెందినవి 422 అని తేలినది. వానిలో దారి సంరక్షణకు సంబంధించిన కారణము గలవి 171. దారియంత్రములు పనిలేక నిలిచియుండుటకు గల కారణములను వారు లెక్కించిరి. నూటికి 32 పాళ్లు, నడపు శాఖవారు విరామ మీయకపోవుట. మరి 30 పాళ్లు, డివిజనులవారు విరామమును ముందుగ ఏర్పాటు చేసికొనకపోవుట. యంత్రము చెడుటగాని, మనుష్యులు లేకపోవుటగాని అంత పెద్ద కారణములు కావు. కోట్లు పోసి కొన్న యంత్రము సైడింగులో తుప్పుపట్టుచుండ, దారి బురదపాలగుచున్నదనుట కంటె విచారకర మేమున్నది?

గోదావరి, కృష్ణా డెల్టాల రైతులకు ఈ విషయము సులభముగ బోధపడును. ప్రతి వేసవిని కాలువలు కట్టివేయుదురు. కాలువ కట్టినపుడు చెరువులలో నిలువచేసిన నీటితో జనులు సర్దుకొందురు. మూడవపంటకు నీరులేదని కొందరు నొచ్చుకొందురు. అయినను పూడిక తీయవలెనన్న, తూములు బాగుచేయవలెనన్న కాలువ కట్టక తప్పదని అందరును అంగీకరింతురు. కాలువ కట్టు తేదీ, వదలు తేదీ ముందుగనే ప్రకటింతురు. కట్టనందున పూడిన కాలువ ఆషాఢమున చివరి పొలమునకు నీరీయదని రైతు యనుభవమున నెరుగును. రైలుదారియు అట్టి కాలువయే. బండ్లు అందలి ప్రవాహము. కాని యీ కాలువను మనము ఏడాది పొడవునను కట్టము. పూడిక మాత్రము పెరుగుచునే యుండును.

దీనికి రైల్వేవా రిచ్చు సమాధానములు మూడు. దారులు వాని శక్తికి మించి బండ్లను మోయుచున్నవి గనుక విరామ మిచ్చుటకు తావులేదనుట మొదటిది. ఈ మాట నిజమే. కాని దీనికి విపరీతార్థమే సిద్ధించును. శక్తికి మించి పనిచేయు ఎద్దునకు మేత హెచ్చింపవలెను గాని మాన్పరాదు. విరామ మీయని దారిపై జబ్బుచోట్ల వేగనియంత్రణములు పెట్టవలసివచ్చును. ప్రతి బండియు అచ్చట మెల్లగించును. నేడు ఇచ్చుటకు మనసొప్పని మూడు గంటలు ఏడాదిపొడవున నిమిషములుగ ఖర్చగును. బండి పట్టాలు తప్పినచో ఎవరి అనుమతియు లేకయే దారికి ఒక దినమో రెండు దినములో విరామము లభించును. ఆ విరామమునకు వెల మాత్రము వేరు.

సరకుల రాబడియే రైల్వేలను పోషించుచున్నది గనుక గూడ్సుబండిని ఆపలేమనుట రెండవది. ఆదాయములో మూడింట రెండువంతులు సరకుల వలననే వచ్చుచున్నదని మేమెరుగుదుము. కాని యా రాబడిని తెచ్చు బరువే కంకరను అరుగదీయుచున్నది. ఇరుసుపై హెచ్చించిన ప్రతి టన్నుకును వచ్చిన కిరాయిలోనుండి దారికి చెందవలసిన పాలును ముందుగ తీసియుంచుట వ్యాపారధర్మము. ఎద్దులను, బండిని అద్దెకిచ్చు రైతు గూడ అరుగుదలను లెక్కింపక అద్దె నిర్ణయింపడు.

కంకరలేని కాంక్రీటుదారి వేయవచ్చుననుట మూడవది. హైదరాబాదు మెట్రోలో నున్నది, బొంబాయి–అహ్మదాబాదుల వేగమార్గమునకు ఎంచుకొన్నది అట్టిదారియే. కొత్త వంతెనలకు, సొరంగములకు అది తగును. వేలకొలది కిలోమీటర్ల పాత మట్టికట్టలమీద, అందును క్రుంగు స్వభావముగల డెల్టా నేలలపై, అది సులభముగాదు. కట్ట క్రుంగినచో కాంక్రీటును ఎత్తి సరిచేయుట కంకరను కూరుటవంటి పనిగాదు. కంకర పాతబడిన విద్య యనియు తలపరాదు. 2007 ఏప్రిలు 3వ తేదీన ఫ్రాన్సున పరీక్షాబండి గంటకు 574.8 కిలోమీటర్ల వేగమును అందుకొన్నది కంకరదారిమీదనే. జపానులో 1964లో తెరచిన టోక్యో–ఒసాకా వేగమార్గమును కంకరదారియే. అచ్చట రాత్రి పండ్రెండు మొదలు ఉదయ మారువరకు బండి నడువదు. ఆ యారుగంటలు దారివి. వారి వేగరహస్యమును ఇంజనులో వెదకువారు ఆ రాత్రులను గూడ చూడవలెను.

మన దేశమునను ఈ వివేకము లేకపోలేదు. 2023 నవంబరులో నియమములను సవరించి, మరమ్మతు విరామములను 52 వారములు ముందుగ వరుసక్రమమున నిర్ణయించు పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఇది సరియైన మార్గము; మేము మనఃపూర్వకముగ అభినందించుచున్నాము. కాని నియమము గెజెట్టులో నుండుట వేరు, దారిపై నుండుట వేరు. కావున మా కోరికలు ఇవి. ప్రతి డివిజనును సంవత్సరమున కొకమారు మూడు లెక్కలు ప్రకటింపవలెను: అడిగిన విరామము ఎన్ని గంటలు, ఇచ్చిన దెంత, శుద్ధి చేయవలసిన కంకర ఎన్ని కిలోమీటర్లు, చేసిన దెంత, తిరస్కరించిన కంకర యెంత. వేగమును గాని, ఇరుసుభారమును గాని పెంచుటకు ముందు ఆ భాగమున కంకర మందమును, శుద్ధియు పూర్తియైనట్లు బాధ్యతగల యధికారి సంతకముతో ప్రకటన వెలువడవలెను. రాతిపరీక్ష క్వారీవద్దను, దారివద్దను, రెండుచోట్లను జరుగవలెను. పరీక్షించువాడు బిల్లు చెల్లించువాని చేతిక్రింద నుండరాదు. యంత్రములు వచ్చినవను మిషతో గ్యాంగులను తగ్గింపరాదు. బురద చారను ముందుగ చూచునది కాలినడకన పోవు మనుష్యుడే. యంత్రము పిలిచినపుడు వచ్చును. అతడు పనిచేయుచుండగా ఎదుటనుండి వచ్చు బండిని గూర్చి హెచ్చరించు ఏర్పాటు ప్రతి గ్యాంగునకును ఉండవలెను.

తుదకు మా పాఠకులకు గూడ ఒకమాట చెప్పక తప్పదు. మన పట్టణములలో రైలును గూర్చి జరుగు సభలలో కోరిక లేవి? మా స్టేషనులో ఈ బండి ఆగవలెను, మా యూరికి కొత్తబండి కావలెను, ఉన్నబండి ఇంకను వేగముగ పోవలెను. పార్లమెంటు సభ్యులు మోసికొనిపోవు మహజర్లును ఇవియే. దారి మరమ్మతునకు మూడుగంటలు బండ్లు ఆపుడని కోరిన మహజరును మేమింతవరకు చూడలేదు. పైగా మరమ్మతునకై నాలుగు బండ్లు రద్దైనచో కేకలు వేయువారము మనమే. అధికారులు మన కేకలను విందురు. కంకర కేక వేయదు. రద్దైన బండి నెందుకు రద్దుచేసిరని యడుగుటకు మనకు హక్కు గలదు. రద్దుచేసిన ఆ గంటలలో ఎన్ని కిలోమీటర్ల దారి శుద్ధియైనదని యడుగుట అంతకంటె పెద్దహక్కు. రానున్న వేసవిలో మన దారులపై బండ్లు ఆపినపుడు పాఠకులు ఈ రెండవ ప్రశ్ననే అడుగుదురుగాక యని కోరుచున్నాము.